ఘటము ఎవరి కొరకు?

ఘటము ఎట్లు కలుగునని అడిగినచో తార్కికులు తడవుకొనక సమాధానము చెప్పుదురు. కపాలములు సమవాయి కారణము. వాని సంయోగము అసమవాయి కారణము. కుమ్మరి, సారె, దండము, నీరు మొదలైనవి నిమిత్త కారణములు. వారు అంతటితో ఊరకుండలేదు. ఏవి కారణములు కావో అదియు లెక్కపెట్టిరి. మట్టి మోసుకొని వచ్చిన గాడిద ఘటమునకు కారణము కాదు. కుమ్మరిని కన్న తండ్రియు కారణము కాడు. ఇట్టివానికి అన్యథాసిద్ధములని పేరు. ఇంత సూక్ష్మముగా పట్టిక వ్రాసిన ఆ మహానుభావులు ఒకనిని మాత్రము ఎచటను పేర్కొనలేదు. ఆ ఘటమును కోరి చేయించుకొన్నవాడెవడో వారు అడుగలేదు. అనుభవించువాని అదృష్టమును వారు సాధారణ కారణములలో చేర్చిన మాట నిజమే. కాని అది సర్వ కార్యములకు సమానము. ఈ ఘటమును ఈతడే, ఈ రూపముననే కోరెనను సంగతి అందులో లేదు.

వైయాకరణులు ఈ విషయమున ఉదారులు. ఒకడు పని చేయుచుండగా వానిని ఆ పనికి ప్రేరేపించువాడు కూడ కర్తయే యని, వానికి హేతువను పేరు అదనముగా కలదని పాణిని విధించెను. తెలుగు పలుకుబడి ఇంకొక అడుగు ముందుకు వేసినది. చేయుట, చేయించుట, చేయించుకొనుట అను మూడు మాటలలో చివరిదానియందు ప్రేరణయు కలదు, ఆ ఫలము తనకే చెందుననుటయు కలదు. కుమ్మరి చేయును, గృహస్థు చేయించుకొనును. ఇద్దరును కర్తలే యైనచో మంచిచెడ్డలలో ఎవరి పాలు ఎంత?

నీటికుండ విషయమున ఈ ప్రశ్న అంతగా పుట్టదు. సంతలో వంద కుండలు పేర్చియుండును. వచ్చినవాడు వ్రేలితో మీటి, మ్రోత విని, ఒకటి తీసికొనిపోవును. అది ఎవరి కుండయైనను కావచ్చును. అలంకారమునకో, మ్రొక్కుబడికో, జ్ఞాపకమునకో ఒకరు పనిగట్టుకొని చెప్పి చేయించుకొను మట్టిపని సంగతి వేరు. అది పుట్టకముందే దానికొక యజమాని కలడు. అతడు వలదన్నచో రెండవ యజమాని దొరకుట కష్టము.

ఇట్టి పని చేయు చేతికి స్వాతంత్ర్యము లేదని, కావున అది రెండవ తరగతి పని యని చదువుకొన్నవారిలో ఒక అభిప్రాయము వ్యాపించియున్నది. తన మనస్సునకు తోచినది చేసి, పిమ్మట కొనువానికై వేచియుండువాడు కళాకారుడట. ఒకరు చెప్పినది చేయువాడు పనివాడట. ఈ విభజన మిక్కిలి ప్రాచీనమైనట్లు వినిపించును గాని, ప్రాచీనము కాదు. ఆనంద కుమారస్వామి 1909లో భారతీయ శిల్పకారుని గూర్చి వ్రాసిన గ్రంథమున గ్రామమునకు చెందిన శిల్పిని, నగరములలోని శ్రేణులకు చెందిన శిల్పిని, రాజాశ్రయము గల శిల్పిని వేర్వేరుగా వర్ణించెను. ఆ మువ్వురును పెక్కుమారులు ఒకరి కోరికపై పని చేసినవారే. అజంతా గోడలపై కుంచె నడిపిన వారి వెనుకను దాతలు కలరు. ఆ దాతల పేర్లు అచటి శాసనములలో నిలిచినవి, చిత్రకారుల పేర్లు నిలువలేదు. ఒకరు చెప్పగా చేసినంత మాత్రమున చేయి బానిసయగునన్నచో ఈ దేశపు శిల్పమంతయు బానిసత్వముననే పుట్టెనని ఒప్పుకొనవలసి వచ్చును. అట్లు ఒప్పుకొనుటకు ఎవరును సిద్ధముగా ఉండరు.

మాటలకంటె ఒక ఊరిని చూచుట మేలు. రాజస్థానములో నాథద్వారమునకు సమీపమున, బనాస్ నది ఒడ్డున, మోలేలా అను గ్రామము కలదు. అచటి కుమ్మరులు దేవతలను మట్టి పలకలపై ఉబ్బెత్తుగా మలచుదురు. గుఱ్ఱమునెక్కిన దేవనారాయణుడు, నల్లని తెల్లని భైరవులు, నాగదేవత, పాబూజీ, గోగాజీ మొదలైన వీరదేవతలు ఆ పలకలపై వెలయుదురు. మాఘమాసము వచ్చినంతనే భిల్లులు, గుజ్జరులు, గరాసియాలు దూరపు పల్లెలనుండి తమ భోపాను వెంటబెట్టుకొని ఆ ఊరికి వత్తురు. భోపా యనగా పూజారియే గాక, దేవుడు పూనినపుడు దేవుని మాట పలుకువాడు. గుడిలోని పాత మూర్తి జీర్ణించినది, కొత్తది కావలెను. ఏ దేవుడు, ఏ వాహనము, ప్రక్కన ఎవరు నిలువవలెను అను విషయములు వచ్చినవారే చెప్పుదురు. కుమ్మరి వానిని మార్చడు.

ఐనను అతని చేతికి పని తక్కువ లేదు. మట్టి తెచ్చి, దంచి, రాళ్ళు ఏరి, నానబెట్టి, దానిలో గాడిద లద్దె కలిపి పదును చేయుదురు. లద్దెలోని నార ఎండునపుడు మట్టిని పగులనీయదు. ఆవములో ఆ నార కాలిపోయి సన్నని రంధ్రములు మిగులును. లోపలి ఆవిరి ఆ దారిన వెడలిపోవును. తార్కికులు కారణముల పట్టికనుండి తరిమివేసిన గాడిద మోలేలాలో ఏకముగా ఘటము లోపలికే ప్రవేశించినదని చెప్పక తప్పదు. దేవుని మేనిని డొల్లగా చేయుదురు, ఏలయనగా మందమైన మట్టిలో చెమ్మ నిలిచినచో నిప్పు తగులగానే బ్రద్దలగును. గుఱ్ఱపు మెడ ఎంత వంగవలెను, కనురెప్ప ఎంత మందముండవలెను, కత్తి పట్టిన చేయి పలకనుండి ఎంత ముందుకు రావలెను అను విషయములు భిల్లుడు చెప్పడు, భోపాయు చెప్పడు. చెప్పుటకు మాటలు లేవు. ఆ మౌనములోనే కుమ్మరి బ్రదుకంతయు గడచును. 2012లో ఆ ఊరి శిల్పి మోహన్‌లాల్ కుమ్హార్‌కు పద్మశ్రీ ప్రదానమైనది ఇట్టి చేతికే గాని, కొత్త దేవతను కనిపెట్టినందుకు కాదు.

ఇచట గమనింపదగిన సంగతి మరియొకటి. కోరవచ్చినవాడు కూడ స్వతంత్రుడు కాడు. అతడు తన యిష్టము చెప్పుటకు రాలేదు. తనకు చెప్పబడినది చెప్పుటకు వచ్చెను. కుమ్మరికి అతడు యజమాని, అతనికి దేవుడు యజమాని. బేరమాడునపుడు ఇద్దరును ఎంత గట్టివారైనను, మూర్తి ముందు ఇద్దరును ఒకే అంతస్తున నిలుతురు. చేయువాడును చేయించుకొనువాడును ఒకరికొకరు లొంగక మూడవదానికి లొంగుటచే అచట అవమానమునకు చోటు లేదు.

ఈ బంధము తమిళదేశమున ఇంకను స్పష్టముగా కానవచ్చును. పుదుక్కోట్టై, శివగంగ, మదురై ప్రాంతములలో అయ్యనారు ఊరి పొలిమేర కాచు దేవుడు. ఆయన రాత్రివేళ తిరుగుటకు మట్టి గుఱ్ఱములు కావలెను. ఊరివారో, మ్రొక్కుకొన్న ఇంటివారో వానిని వేళార్లచేత చేయించుదురు. వేళార్లు కుమ్మరులే గాక పెక్కుచోట్ల ఆ గుళ్ళలో పూజారులు కూడ. పని ఒప్పగించునపుడు ఊరి పెద్దలు పిడికెడు మన్ను తీసి వేళారు చేతిలో పెట్టుదురు. దానికి పిడిమణ్ అని పేరు. ఆ పిడికెడు మన్ను గుఱ్ఱము చేయు మట్టిలో కలియును. పత్రము లేదు, సాక్షి సంతకము లేదు. కోరినవాని నేల, చేయువాని మట్టి, ఒకదానితో ఒకటి విడదీయరాకుండ కలిసిపోవును. పాణిని సూత్రమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్య ఏ పండితుడును వ్రాయలేదనవచ్చును.

కాళ్ళు గొట్టములవలె విడివిడిగా చేసి, నిలిపి, పైన మేను అతికి, తలను చివరకు చేర్చుదురు. కాల్చిన పిమ్మట రంగులు పూయుదురు. కన్నులు తెరచువరకు అది మట్టిబొమ్మయే. కన్నులు తెరచిన పిమ్మట ఊరేగింపుగా మోసికొనిపోయి గుడిముందు నిలుపుదురు. అంతటితో సరి. తరువాత దానిని ఎవరును తుడువరు, అతుకరు, నీడన పెట్టరు. ఎండకు వెలిసి, వానకు తడిసి, ఒక చెవి ఊడి, పిమ్మట మెడ విరిగి, చెట్లక్రింద అది మెల్లగా నేలలో కలియును. దాని ప్రక్కన కొత్త గుఱ్ఱము వచ్చి నిలుచును. పట్టణమునుండి వచ్చినవారు ఆ శిథిలములను చూచి, ఇంతటి శిల్పమును కాపాడుకొనలేరా యని నొచ్చుకొందురు. వారి నొప్పిలో నిజాయితీ కలదు గాని, అర్థము లేదు. మ్రొక్కు చెల్లినది. చెల్లించిన అప్పు కాగితమును దాచుకొనువారెవరు?

ఇంతవరకు చిక్కు లేదు. ఆ మూడవది తొలగిపోయినపుడు చిక్కు మొదలగును. పశ్చిమ బంగాళమున బాఁకుడా జిల్లాలోని పాంచ్‌ముడా గుఱ్ఱము ధర్మఠాకూరుకును, మనసాదేవికిని మ్రొక్కుబడిగా పుట్టినది. నేడు దానిని ఇంటి ముందుగదిలో బల్లపై నిలిపిన కుటుంబములు ఎన్నో. కేంద్ర కుటీర పరిశ్రమల విక్రయశాలకు అది చిహ్నము కూడ ఐనది. మోలేలా కుమ్మరులును పల్లె జీవితపు దృశ్యములను, భవనముల గోడలకు పెద్ద పలకలను, కోరినవారికి కోరినట్లు చేయుచున్నారు. కొత్తగా వచ్చినవాని వెంట భోపా లేడు. తన ఇంటి పేరు, తన పెండ్లి తేదీ, మనుమరాలి పాదముద్ర, తన వ్యాపారపు గుర్తు, ఇవి కావలెనని అతడు అడుగును. అతనికి పైన ఎవరును లేరు. అతని ఇష్టమే శాసనము.

దీనిని చూచి పెదవి విరుచుట సులభము. దేవుడు పోయెను, డబ్బు వచ్చెనని నిట్టూర్చువారు ఎల్లప్పుడును దొరకుదురు. వారు ఒకసారి గోవాలోని పణజి పోయి ఫౌంటైన్హాస్ వాడలో నడువవలెను. పసుపు, నీలి రంగుల పాత ఇండ్ల గోడలపై ఇంటి పేరు, సంఖ్య వ్రాసిన పింగాణి పలకలు కానవచ్చును. తెల్లని నేలపై నీలిరంగు, చుట్టును చిన్న లతలు. పోర్చుగీసువారి పాలనతో వచ్చిన విద్య అది. పాలన 1961లో ముగిసినది. ఆ నగరములోని మెనెజెస్ బ్రగాంజా సంస్థ ప్రవేశ మందిరమున 1935లో జోర్జ్ కొలాసో చిత్రించిన పెద్ద పలకలపై పోర్చుగీసు మహాకవి కమోయెంస్ కావ్య కథ కలదు. రాజ్యము తన గొప్పను చెప్పుకొనుటకు చేయించుకొన్న పని అది. చూడదగినదే. కాని దాని ఎదుట నిలిచినవానికి కలుగని చనువు ఒక సందులో, ఒక గుమ్మము ప్రక్కన, చనిపోయిన తల్లి పేరు ఇంటికి పెట్టుకొన్నవాని చిన్న పలకను చూచినపుడు కలుగును.

ఛాందోగ్యములో ఉద్దాలకుడు కుమారునకు బోధించినది ఇచట గుర్తుకు రాక మానదు. ఒక మట్టిముద్దను తెలిసికొన్నచో మట్టితో చేసినవన్నియు తెలియును, వికారము వాక్కును ఆశ్రయించిన పేరు మాత్రమే, మట్టియే సత్యము. అది తత్త్వము. కాని తల్లి పేరు వ్రాయించుకొన్నవానికి ఆ మాట చెప్పి చూడుడు. అతనికి మట్టి ఏదైనను ఒకటే, పేరే సత్యము. రెండు మాటలలో ఒకటి అబద్ధమని తేల్చనక్కరలేదు. కుమ్మరి మాత్రము రెండింటికిని లోబడినవాడు. మట్టి నియమము తప్పినచో పలక వంకరపోవును. పేరులో ఒక అక్షరము తప్పినచో పలక ఎంత నున్నగా వచ్చినను వ్యర్థము. దేవుడు తొలగిపోయిన చోట మూడవదిగా నిలిచినవి ఈ నియమములే. అందును నిప్పు ముఖ్యము.

పలకపై పచ్చి పూత పిండివలె ఉండును. కుంచె తగులగానే తడిని పీల్చివేయును; వ్రాసినదానిని చెరిపి దిద్దుట సాధ్యము కాదనవచ్చును. నీలినిచ్చు కోబాల్టు ఆక్సైడు చేతిలో నల్లగా ఉండును. వైడూర్యపు రంగునిచ్చు రాగి ఆక్సైడు కూడ నలుపే. ఆవము మూయునాటికి చూచినచో మసిపూసిన పలక, తెరచినపుడు నీలము. కావున చేయించుకొనువాడు ముందుగా చూచి మెచ్చుకొనుటకు ఏమియు లేదు. అతడు కోరినది నిప్పు ఒప్పుకొన్న పిమ్మట గాని అతనికి కనబడదు. అతనికి ఇచట తెలియనిది చాల కలదు, చేయువానికి తెలిసినది చాల కలదు. ఈ ఎత్తుపల్లములోనే మోసమునకు చోటు కలుగును.

జైపూరు నీలి మట్టిపనిని గైకొనుడు. మట్టిపని యనుట అలవాటే గాని, దానిలో మామూలు బంకమన్ను ఉండదు. పలుగురాతి పొడి, గాజు పొడి, కొంత ముల్తానీ మట్టి, కతీరా బంక మొదలైనవి కలిపిన ముద్ద అది. సాగు గుణము లేనందున సారెపై తేలికగా లేవదు. మూసలలో అదిమి చేయుదురు. క్షీణించిన ఆ విద్య 1960లలో కమలాదేవీ చట్టోపాధ్యాయ, రాజమాత గాయత్రీదేవి మొదలైనవారి ప్రోత్సాహముతో మరల తలయెత్తినది. చిత్రకారుడు కృపాల్ సింగ్ శేఖావత్ దానికి ప్రాణము పోసెను. 1974లో ఆయనకు పద్మశ్రీ లభించినది. అట్టి పనివాని వద్దకు ఒకరు వచ్చి, కాగితమువలె పలుచగా, నిలువెత్తున, నిండు ఎరుపు రంగులో ఒక పూలకూజా కావలెనని అడిగిరనుకొందము. ఆ ముద్ద అంత పలుచగా నిలువదు. ఆ పూతలో నిండు ఎరుపు సులభముగా చిక్కదు. కాదని చెప్పినచో బయానా పోవును. ఔనని చెప్పి, కాల్చిన పిమ్మట పైన ఇనుప తలుపులకు వేయు రంగు పూసి ఇచ్చినచో, కొన్నవాడు ఆ రోజు సంతోషించును. ఒక వర్షాకాలము గడచిన పిమ్మట అది పొరలుగా ఊడును. విగ్రహమున ఒక వ్రేలు వంకరపోవుట దోషము కావచ్చును గాని, పాపము కాదు. ఈ పై రంగు పాపము. ఏలయనగా చేయువాడు తన జ్ఞానమును ఎదుటివాని అజ్ఞానముపై ప్రయోగించెను. ఇది వీలు కాదు, దీనికి బదులు ఇది చేయగలను అని ముందుగా చెప్పు కుమ్మరి ఆ క్షణమున దాసుడు కాడు. భోపా చేయు పని అతడే చేయుచున్నాడు. నిప్పు మాటను అతడు పలుకుచున్నాడు.

జపాను దేశపు తత్త్వవేత్త యనగి సోయెత్సు ఈ వాదమునంతటిని అంగీకరింపడు. 1936లో టోక్యోలో జానపద శిల్పముల కొక ప్రదర్శనశాలను నెలకొల్పిన ఆయనకు పేరులేని పనివాడు, లెక్కలేనన్ని మారులు ఒకే గిన్నెను చేసి తనను తాను మరచినవాడు, ఆదర్శము. ఒకరి కొరకని ప్రత్యేకముగా చేసినదానిలో అహంకారము దూరునని ఆయన భయము. 1919లో జపాను పోయి ఆ బృందమును ఎరిగి వచ్చిన గురుచరణ్ సింగ్ వలన, ఆయన 1952లో స్థాపించిన ఢిల్లీ బ్లూ కర్మశాల వలన, ఈ ఆలోచన భారతదేశపు కుమ్మరిపనిలోనికి కొంత ప్రవేశించినది. యనగి భయము నిరాధారము కాదు. వ్యాపారపు గుర్తును మట్టిపై అచ్చొత్తించుకొను పనులను చూచినపుడు ఆయన మాటయే నిజమనిపించును. కాని మోలేలాలో దేవనారాయణుని నూరు మారులు చేసిన చేయి, నూరు మారులును ఎవరో ఒకరి కొరకే చేసినది. తనను మరచుటకు ఎదుటివానిని కూడ మరువవలెనను నియమమేమి? ఎదుటివాని పేరు తప్పులేకుండ వ్రాయవలెనను ఆతురతలో తన పేరు మరచిన చేయి యనగి మెచ్చుకొన్న చేతికి దూరమైనది కాదు.

నీతి చెప్పువారు సాధారణముగా చేయువానికే చెప్పుదురు. చేయించుకొనువానికి చెప్పువారు అరుదు. డబ్బిచ్చినవాడు తన ధర్మము తీరెనని తలచును. సంతలోని కుండకు అది చాలును. తన పేరు వ్రాయించిన పలకకు చాలదు. పలక ఆవమునుండి వచ్చిన పిమ్మట, ఆలోచన మారినది, ఇల్లమ్మినాము, పెండ్లి తప్పినది అని అతడు వెనుదీసినచో ఆ పలకకు సంతలో వెల లేదు. బయానా మట్టికిని కట్టెలకును చాలవచ్చును, చేతికి చాలదు. అతడు కర్తయని వైయాకరణులు ఊరక చెప్పలేదు. కోరినంతనే పని మొదలైనది, సగము అతనిదే. తాను ఏమి కోరుచున్నాడో తెలిసికొని కోరుట, నిప్పు ఇచ్చినదానిని స్వీకరించుట, నీలము కొంత ముదురైనంత మాత్రమున బేరము తగ్గింపకుండుట, ఇవి అతని వంతు. వేళారు చేతిలో పిడికెడు మన్ను పెట్టిన ఊరు పని నడుమ చేయి దులుపుకొనుట ఎవరికిని తోచదు. తమ నేలయే ఆ గుఱ్ఱపు మేనిలో ఉన్నది. పట్టణపు గృహస్థు ఇచ్చిన నోట్లకు అట్టి గుణము లేదు. ఆ లోటును అతడు తన మాటతో పూరింపవలెను.

చివరకు ఒక చిన్న చిక్కు మిగులును. ఆవమును నమ్మరాదు. కావున పేరు వ్రాసిన పలకను తెలివిగల పనివాడు రెండు చేయును. ఒకటి పగిలినను రెండవది నిలుచును. రెండును నిలిచినపుడేమి చేయవలెను? కోరినవాడు ఒకదానిని తీసికొనిపోవును. తన పేరుగల రెండవ పలక కలదని అతనికి తెలియనే తెలియదు. దానిని మరియొకరికి అమ్మరాదు. కొందరు మాదిరిగా గోడకు తగిలింతురు, అది ఒకరి తల్లి పేరును వ్యాపారపు ప్రకటనగా చేయుట. కాలిన మట్టి మరల పచ్చి మట్టి కాదు. ఐనను పెంకులను దంచి, జల్లించి, కొత్త మట్టిలో కలుపు అలవాటు కుమ్మరిపనిలో కలదు. అట్టి పొడి కలిసిన మట్టి ఎండునపుడు తక్కువ కుదియును, తక్కువ పగులును. రెండవ పలకకు తగిన చోటు అదియే కావచ్చును. దంచుటకు ముందు అతనికి ఒక మాట చెప్పి, కావలెనా యని అడుగుట మంచిది. కావలెనన్నచో ఊరకనే ఇచ్చివేయవలెను.